కుడివైపు పేజీ

హాలిఫాక్స్‌లో ఒక పాత రాతి చర్చి కింద, మెట్లు దిగగానే ఎడమచేతి వైపున్న గదిలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. సముద్రం వెంబడి ఉన్న చిన్న చిన్న చర్చి సంఘాలు మూతపడినప్పుడల్లా వాటి రిజిస్టర్లు మా గదికి వచ్చేవి. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు. వాటిని భద్రంగా ఉంచడం, అడిగినవాళ్ళకు వెతికి పెట్టడం నా ఉద్యోగం. మా ఊళ్ళో బంధువులు "మన రత్నం కెనడాలో చర్చి గుమాస్తా" అని చెప్పుకునేవారు. అందులో తప్పేమీ లేదు.

ఈమధ్య ఇక్కడి కాలేజీల్లో పాత రికార్డులు భద్రపరిచే కోర్సు చదువుతున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "జాబ్ ఎలా ఉంటుంది అంకుల్, స్కోప్ ఉందా?" అని అడిగారు. స్కోప్ సంగతి నాకు తెలియదు. జాబ్ ఎలా ఉంటుందో మాత్రం రాయగలను. ప్రమోషన్ల గురించి రాయను, వచ్చినవి రెండే. నేను బాగా చేసిన పనుల గురించి కూడా ఎక్కువ రాయను. చెడగొట్టిన పని ఒకటుంది. దానికోసమే కూర్చున్నాను.

ఖాళీ గడి

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సరదాకి వంశవృక్షం గీసుకునేవాళ్ళు కొందరు. వాళ్ళతో ఇబ్బంది లేదు, ముత్తాత పేరు దొరికితే చాలు సంబరపడి వెళ్ళిపోతారు. అసలు పని రెండో రకం వాళ్ళతో. వాళ్ళు వచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చుంటారు. అడగడానికి పది నిమిషాలు పడుతుంది. "మా అమ్మ బాప్తిస్మం వివరాలు కావాలి" అనో, "ఒక స్నేహితుడి కోసం" అనో మొదలుపెడతారు. చివరికి తేలేది ఒకటే, వాళ్ళకు తండ్రి ఎవరో తెలియదు.

పాత రిజిస్టర్‌లో ప్రతి బిడ్డకూ ఒక వరుస ఉంటుంది. ఎడమ పేజీలో బిడ్డ పేరు, పుట్టిన రోజు, తల్లి, తండ్రి. కుడి పేజీలో నివాసం, బాప్తిస్మం జరిగిన చోటు, సాక్షులు, చిట్టచివర బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ సంతకం. తండ్రి తెలియకపోతే ఆ గడిలో ఒక అడ్డగీత గీసి వదిలేసేవారు. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ గీత మీద వేలు పెట్టి కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు ఏం మాట్లాడాలో ఏ కోర్సులోనూ చెప్పరు. ఏమీ మాట్లాడకపోవడమే మేలు.

డోరతీ

నాకు పని నేర్పింది డోరతీ. పొట్టిగా ఉండేది, ఉన్ని స్వెటర్‌కు మోచేతుల దగ్గర అతుకులు. నవ్వేది కాదు. టేబుల్ మీద ఎప్పుడూ రెండే వస్తువులు ఉంచేది, ఒక భూతద్దం, ఒక టిష్యూల పెట్టె. నేను చేరిన కొత్తల్లో నన్ను తిట్టని రోజు లేదు. ఇండియా నుంచి వచ్చాననో, యాస అర్థం కావట్లేదనో కాదు. తొందరపాటు మనిషినని.

ఒకరోజు క్లైవ్ అనే ముసలాయన వచ్చాడు. జీవితమంతా చేపల పడవ మీద గడిపినవాడు. తండ్రి గడి చూశాను, అడ్డగీత ఉంది. "సారీ సర్, ఏమీ లేదు" అన్నాను. ఆయన టోపీ పెట్టుకుని మెట్లెక్కాడు. డోరతీ నా భుజం మీదుగా రిజిస్టర్ చూసి, "పరిగెత్తు, ఆయన్ని వెనక్కి పిలువు" అంది.

ఆయన వచ్చి కూర్చున్నాక డోరతీ కుడి పేజీ మీద భూతద్దం పెట్టింది. ఆ బిడ్డకు బాప్తిస్మం చర్చిలో ఇవ్వలేదు, ఎవరిదో ఇంట్లో ఇచ్చారు. ఇంటి యజమాని పేరు ఉంది. పెళ్ళిళ్ళ రిజిస్టర్ తీస్తే మూడు నెలల తర్వాత ఆ ఇంటి కొడుక్కి వేరే అమ్మాయితో పెళ్ళి అయినట్టు ఉంది. "ఇది జవాబు కాదు" అని డోరతీ ఆయనకు చెప్పింది. "వెళ్ళి అడగాల్సిన ఇల్లు ఇది."

క్లైవ్ వెళ్ళి అడిగాడు. మరుసటి నెల ఒక ఫొటో పట్టుకొచ్చాడు. పక్కపక్కన ఇద్దరు ముసలివాళ్ళు, ఇద్దరికీ అదే ముక్కు. సవతి తమ్ముడు. రెండు చలికాలాలు వాళ్ళిద్దరూ కలిసి చెక్కర్స్ ఆడుకున్నారు, ఆ తర్వాత తమ్ముడు పోయాడు.

ఆ రోజు డోరతీ నాతో రెండు మాటలు అంది. "గడి చదవకు, వరుస చదువు, రెండో పేజీ చివరిదాకా. ఇంకొకటి, అడగమని చెప్పినా చెప్పకపోయినా ఫరవాలేదు కానీ, అడగొద్దని మాత్రం ఎవరికీ చెప్పకు. అది మన పని కాదు." ఈ రెండు మాటలు నేను తర్వాత వచ్చిన ప్రతి ట్రైనీకి చెప్పాను. వాళ్ళ ముందు కొంచెం గొప్పగా కూడా చెప్పాను.

మా నాన్న రిజిస్టర్

మా నాన్న భీమవరం దగ్గర ఒక పల్లెలో పాస్టర్. మా వైపు పాస్టర్‌ని అయ్యగారు అంటాం. తండ్రి ఎవరో తెలియని పిల్లల్ని, తండ్రి వదిలేసిన పిల్లల్ని మిషన్ హాస్టల్‌లో చేర్చేటప్పుడు బడిలో తండ్రి పేరు అడిగేవారు. పేరు లేకపోతే మిగతా పిల్లలు ఊరుకుంటారా? అందుకని మా నాన్న బాప్తిస్మం రిజిస్టర్‌లో తండ్రి గడిలో తన పేరే రాసేవాడు. అలా ఆరుగురికి రాశాడు. మా వైపు ఇంకా కొందరు అయ్యగార్లు ఇలాగే చేసేవారని విన్నాను. నియమం ప్రకారం తప్పే. దయతో చేసిన తప్పు.

చిన్నప్పుడు నాకు అది దయలా కనిపించలేదు. బడిలో ఒకడు "మీ నాన్నకు ఎంతమంది పెళ్ళాలురా?" అన్నాడు. వాడి పెదవి పగలగొట్టి, ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో ఏడ్చాను. "మీ నాన్న పేరు ఇచ్చాడు, అంతే. పేరిస్తే అరిగిపోద్దా?" అంది అమ్మ. ఆ మాట పట్టుకుని పెరిగాను. అలా పేరిచ్చిన అయ్యగార్లందరూ పుణ్యాత్ములే అని నాలో నేను తీర్మానం చేసుకున్నాను. ఆ తీర్మానాన్ని ఎన్నడూ తిరగేసి చూడలేదు.

ఎస్తేరు

నా ఉద్యోగం చివరి రోజుల్లో హాలిఫాక్స్‌కు మన పిల్లల రాక ఒక్కసారిగా పెరిగింది. ఏ బస్సు ఎక్కినా తెలుగే వినిపించేది. నాలుగు కుటుంబాలతో మొదలైన మా తెలుగు ప్రార్థన కూడికలో కుర్చీలు చాలక పిల్లలు గోడవారన నిలబడేవారు. నా భార్య కరుణ చిన్న గిన్నెలు అటక మీద పెట్టేసి, పెద్ద డేగిసాలో కోడికూర వండటం మొదలుపెట్టింది. ప్రార్థన కోసం వస్తున్నారో కూర కోసం వస్తున్నారో అని నేను ఎగతాళి చేస్తే, "ఏదైతే ఏం, వస్తున్నారుగా" అనేది.

వాళ్ళలో ఎస్తేరు ఒకతె. డిప్లొమా చదువుతూ, కాఫీ షాపులో పొద్దుటి షిఫ్టు చేసేది. హార్బర్‌కు అవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లో ఆరుగురు అమ్మాయిలతో ఒక ఇంట్లో ఉండేది, ఫెర్రీలో ఇటు వచ్చేది. ఒక శనివారం మా ఇంటికి వచ్చి, భోంచేశాక అడిగింది.

"అంకుల్, మీరు పాత చర్చి రిజిస్టర్లు చదువుతారంట కదా?"

"అదే మా పనమ్మా."

"నాదొకటి చూస్తారా? ముందు ముందు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేస్తే ఫాదర్ నేమ్ రాయాలి. పాస్‌పోర్ట్‌లో మా అయ్యగారి పేరుంది. రాసిన ప్రతిసారీ అనిపిద్ది, ఇది నిజమా, జాలిపడి ఇచ్చారా అని."

ఆమె తల్లి కృష్ణా జిల్లాలో ఒక మిషన్ హాస్టల్‌లో వంట చేసేది. ఎస్తేరుకు నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయింది. హాస్టల్ చూసుకునే జకరయ్య అయ్యగారే ఆమెను పెంచి, చదివించి, పొలం అమ్మి ఇక్కడికి పంపాడు. ఆయన భార్య, వాళ్ళు అమ్మగారు అనే ఆవిడ, పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన మంచం పట్టాడు. ప్రతి శనివారం ఎస్తేరు వీడియో కాల్ చేస్తుంది. ఆయన తిన్నావా అంటాడు, చలిగా ఉందా అంటాడు, ఇక మాటలుండవు.

"చిన్నప్పటి నుంచి అయ్యగారూ అనే పిలిచా. ఒక్కసారి నాన్నా అని పిలవాలని ఉంది అంకుల్. కానీ ఆయన నా తండ్రి కాకపోతే? పెద్దాయన్ని అవమానించినట్టు అయిద్ది కదా. అందుకే ముందు తెలుసుకోవాలి."

హాస్టల్‌లో తనతో పెరిగిన మేరీ అనే అమ్మాయి చేత రిజిస్టర్ ఫొటోలు తీయించింది. ఫోన్‌లో నాకు చూపిస్తూ, "రెండు పేజీలూ తీయమని అయ్యగారే చెప్పారంట. కుడివైపుది కూడా మర్చిపోకుండా తియ్యి అని మంచం మీంచే చెప్పి పంపారంట" అంది.

విన్నాను. చెవిన పడింది, మనసులో పడలేదు.

ఎడమ పేజీ పెద్దది చేసి చూశాను. ఎస్తేరు వరుసలో తండ్రి గడిలో జకరయ్య పేరు. అదే పేజీలో పైనా కిందా వేరే వేరే తల్లుల పిల్లలు ఇంకా ఐదుగురికి అదే పేరు. నాకు మా నాన్న చేతిరాత చూసినట్టే అనిపించింది. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. మా నాన్నలాంటి మనిషి ఇంకొకడు దొరికాడు కదా అని. కుడి పేజీ తెరవనే లేదు.

"అమ్మా, ఇది మా వైపు అయ్యగార్లు చేసే పనే. మా నాన్న కూడా ఆరుగురికి ఇలాగే రాశారు. ఆయన నీకు పేరిచ్చారు. నిన్ను కన్న తండ్రి ఎవరో ఇందులో లేదు."

ఆమె ఆ ఫొటో మళ్ళీ పెద్దది చేసి చూసుకుంది. తర్వాత, "పోనీ అంకుల్, అయినా ఒకసారి అడగనా ఆయన్ని?" అంది.

"వద్దమ్మా. ఈ వయసులో, ఆ ఒంట్లో, అలాంటి ప్రశ్న వేస్తే ఆ మంచి మనిషి గుండె పగిలిపోతుంది."

ఎస్తేరు తలూపింది. ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు నా కాళ్ళకు వంగబోతే వారించాను. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవంతో ఒక అమ్మాయి మనసు కుదుటపరిచానని ఆ పూట తృప్తిగా టీ తాగాను.

గోడ మీద ఫొటో

ఆరు వారాల తర్వాత జకరయ్య అయ్యగారు పోయారు. భూస్థాపన ఎస్తేరు ఫోన్‌లో చూసింది. టికెట్ కొనుక్కునే స్తోమత లేదు, పరీక్షలు కూడా నడుస్తున్నాయి. కరుణ ఆమెను మా ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిని, పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంది.

మా హాల్లో గోడకు ఒక పాత ఫొటో ఉంది. నా బాప్తిస్మం నాటిది. మా నాన్న తెల్ల చొక్కా, పంచెతో నన్ను ఎత్తుకుని ఉంటాడు. పక్కన పొడవాటి తెల్లంగీ వేసుకున్న ఇంకో పాస్టర్. ఎస్తేరు దాన్నే చూస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, అడిగింది.

"మీ నాన్నగారు పాస్టర్ కదా అంకుల్? మరి అంగీ వేసుకోలేదేంటి?"

"నా బాప్తిస్మం కదమ్మా. సొంత బిడ్డకు అయ్యగారు తానే ఇవ్వరు. తండ్రిగా నిలబడి ప్రమాణం చేయాలి కాబట్టి పక్క ఊరి అయ్యగారిని..."

అక్కడ ఆగిపోయాను. ఆ వాక్యం ఈ రోజుకీ పూర్తి చేయలేదు.

ఆ ఫొటో కింద సోఫాలో కూర్చునే ఆమెకు తీర్పు చెప్పాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు పడ్డాను. "అమ్మా, ఆ ఫొటోలు మళ్ళీ చూపించు" అన్నాను. కుడి పేజీ తెరిచాను. చివరి గడిలో మిగతా ఐదుగురు పిల్లల పక్కనా జకరయ్య సంతకమే. ఆయన పేరిచ్చిన ప్రతి బిడ్డకూ ఆయనే బాప్తిస్మం ఇచ్చాడు. ఎస్తేరు వరుసలో మాత్రం వేరే చేతిరాత. సమూయేలు అని ఉంది.

చెప్పకుండా ఉందామని ఒక్క క్షణం అనుకున్నాను. అబద్ధం చెప్పను. పోయినాయన ఎటూ పోయాడు, ఈ పిల్ల ఇప్పటికే దుఃఖంలో ఉంది అనుకున్నాను. అప్పటికే ఆమె నా మొహం చూసేసింది.

"ఏంటంకుల్?"

చెప్పాను. వేలితో చివరి గడి చూపించి, మొత్తం చెప్పాను. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న కరుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎస్తేరు ఏడవలేదు. "సమూయేలు అయ్యగారు ఉన్నారు. గుడివాడలో కొడుకు దగ్గర ఉంటారు" అని, అప్పటికప్పుడు మేరీ దగ్గర నంబర్ తీసుకుని కలిపింది. మాకు పొద్దున, వాళ్ళకు సాయంత్రం. స్పీకర్‌లో పెట్టింది.

తొంభైకి దగ్గరపడ్డ గొంతు. ఎస్తేరు తానెవరో చెప్పుకుని, "అయ్యగారూ, నా బాప్తిస్మం మీరెందుకిచ్చారు?" అని అడిగింది.

అవతల ఎవరినో తలుపు వెయ్యమన్నాడు.

"ఇప్పుడా అడగటం, తల్లీ?" అన్నాడాయన. "ఆ రోజు జకరయ్య నా దగ్గరికొచ్చి, అన్నా, ఈ బిడ్డకు నేనివ్వలేను, నేను తండ్రిని అన్నాడు. అప్పటికి వాళ్ళావిడ బతికే ఉంది. సంఘానికి ఆయన గొంతు బాగోలేదని చెప్పి నేనిచ్చాను. తండ్రి ఎవరని ఆచారం ప్రకారం అడిగాను. నేను అన్నాడు. జనం ఎప్పటిలా పేరిస్తున్నాడనే అనుకున్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ధైర్యం లేదు. చెప్పరా అంటే, అడిగితే చెప్తా అనేవాడు. మొన్న ఫోన్ చేసి, అన్నా, పాప రిజిస్టర్ తెప్పించుకుంది, రెండు పేజీలూ పంపించా, ఇవాళో రేపో అడుగుద్ది అన్నాడు. ప్రతి శనివారం ఎదురుచూశాడమ్మా."

ఆ ఆరు శనివారాలూ ఆమె ఫోన్ చేసింది. తిన్నావా అంటే తిన్నానంది. చలిగా ఉందా అంటే ఉందంది. అడగలేదు, నేను వద్దన్నాను కాబట్టి.

జకరయ్య మీద నాకు కోపం లేదని అనను. ఐదుగురు పిల్లల చాటున సొంత బిడ్డను దాచుకున్న మనిషి. బిడ్డ తల్లి పొయ్యి దగ్గర పొగలో గడిపి పోతే నోరు విప్పనివాడు. ప్రేమ ఉంది, పిరికితనమూ ఉంది. కానీ చివర్లో ఆ పిరికివాడు తనకు చేతనైనంత చేశాడు, కుడి పేజీ కూడా తియ్యమన్నాడు. చదవాల్సినవాణ్ణి నేను, చదవలేదు.

పనిలోకి వచ్చేవాళ్ళకు

నా కూతురు ఇక్కడే పుట్టి పెరిగింది. ఆమెకు ఇదంతా చెబితే, "ఎనీవన్ కుడ్ హావ్ మిస్డ్ ఇట్, డాడ్" అంది. కాదు. డోరతీ మిస్ అయ్యేది కాదు. నాకు చదవడం రాక తప్పిపోయింది కాదిది. నాకు కావలసిన జవాబు ఎడమ పేజీలోనే దొరికింది, అందుకే ఆగిపోయాను. జకరయ్య పుణ్యాత్ముడైతే మా నాన్న కూడా పుణ్యాత్ముడే. ఆ అమ్మాయి ప్రశ్నకు నా చిన్ననాటి భయంతో జవాబు చెప్పాను. మీరు రిజిస్టర్ ముందు కూర్చున్నప్పుడు, ఎక్కడైనా సంతోషం వేస్తే అక్కడ మళ్ళీ చూడండి.

మా నాన్న రిజిస్టర్ ఇప్పటికీ ఆ పల్లె చర్చి బీరువాలో ఉంది. ఆ ఆరుగురి కుడి పేజీల ఫొటోలు తెప్పించుకోవడం నాకు ఒక్క ఫోన్ పని. ఇంకా చేయలేదు. నన్ను తిట్టుకోండి.

చదువు అయిపోయాక ఎస్తేరుకు నార్త్ యార్క్ అనే దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు ఒకటే అడిగింది. "రిపోర్ట్ రాసివ్వండి అంకుల్. మీరు బయటివాళ్ళకు ఎట్లా రాస్తారో అట్లా." రాశాను. అప్పటికి నేను రిటైరై వారమే అయింది, అది నా చివరి రిపోర్ట్. తండ్రి, జకరయ్య. ఆధారాలు, కుడి పేజీ చివరి గడి, బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ నోటిమాట. కింద ఇంకో వాక్యం రాశాను. మొదటిసారి ఈ పేజీ పరిశోధకుడు చూడలేదు, పైగా అడగొద్దని సలహా ఇచ్చాడు.

ఎయిర్‌పోర్ట్ బస్సు కోసం స్టాప్‌లో నిలబడి ఆమె ఆ కాగితం మొత్తం చదివింది. మడిచి పాస్‌పోర్ట్‌లో పెట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బస్సు కనిపించాక అడిగింది.

"నాన్నా అని పిలిచి ఉంటే పలికేవారు కదా అంకుల్?"

"పలికేవారమ్మా," అన్నాను.